చివరి బెంచీలో కూర్చునే ఆమె

చర్చిలో శుక్రవారం పూజకు ఆమె రావడం మొదలుపెట్టాక నాకు ఫాదర్ ప్రసంగం మీద మనసు నిలవలేదు. కువైట్‌లో సెలవు శుక్రవారం కాబట్టి మా తెలుగువాళ్ల పూజ ఆ రోజే. ఆమె తెలుగు మనిషి కాదు. ఫిలిప్పీన్స్ అనుకుంటే, వాళ్ల పూజ వేరే వేళకు ఉంది. అర్థంకాని భాషలో జరిగే పూజకు వచ్చి, నోరు మెదపకుండా, చివరి బెంచీలోంచి అందరి వీపులూ చూస్తూ కూర్చునే మనిషికి ఇక్కడేం పని?

అక్క కోసమే వస్తోందని నా అనుమానం. సొంతక్క కాదు, నేనలా పిలుస్తాను. అన్నమయ్య జిల్లా నుంచి ఇంటిపనికి వచ్చిన అక్క, మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, కొట్టే దెబ్బలు పడలేక ఆ ఇంట్లోంచి పారిపోయింది. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, కేసు పెట్టాడు. ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా పోయింది. హవల్లీలో మా బిల్డింగులోనే గుట్టుగా ఇళ్లపనులు చేసుకుంటూ, పూజకు మాత్రం నాతో బయటికి వచ్చేది. ఎవరైనా పోలీసులకు ఒక్కమాట చేరవేస్తే చాలు, పట్టుకుని విమానం ఎక్కించేస్తారు. ఊళ్లో ఆమె కూతురి నర్సింగ్ చదువు అక్కడితో ఆగిపోతుంది.

"ఆ యమ్మ ఎవురు పాపా? మన దిక్కే సూస్తాంది," అంది అక్క ఒక వారం, తలమీద ముసుగు ఇంకా ముందుకు లాక్కుంటూ.

"తెలీదక్కా."

"నువ్వే సూస్తా ఉండు. నేను తిరిగితే మొగం గుర్తు పడ్తాది."

అలా నేను కాపలా మొదలుపెట్టాను. నలుగురిలో నోరు విప్పలేను గానీ, మనుషుల్ని గమనించి ఇంటికొచ్చి డైరీలో రాసుకోవడం నాకు అలవాటే. పాటల మధ్యలో, కానుకలు తెచ్చేటప్పుడు, చివరికి మోకరించేటప్పుడు కూడా వెనక్కి తిరిగి చూసేదాన్ని. తిరిగిన ప్రతిసారీ ఆమె కళ్లు నామీదే ఉండేవి.

అమ్మకు చెబితే కసిరింది. "ఆ డిటెక్టివ్ పుస్తకాలు చదవడం తగ్గించవే. అయినా అక్కని నువ్వు వెంటేసుకుని తిరగడమేంటి? రేపేదన్నా అయితే మీ నాన్న ఉద్యోగం మీదికొస్తది."

ఆ తర్వాతి వారం అక్క రానంది. "ఆ యమ్మ రాకుండా ఉంటే చెప్పు, వస్తా. పట్టుకుంటే ఖలాస్."

ఒక్కదాన్నే వెళ్లాను. పూజయ్యాక ఆవరణలో ఆమె తిన్నగా నా దగ్గరికొచ్చింది. వచ్చీరాని ఇంగ్లిషులో, కోపంగా అడిగింది: "నీ పక్కన కూర్చునే ఆమె ఏది? పట్టించేశావా?"

"నేనా?" అన్నాను. "నువ్వే పట్టిస్తావని మేం భయపడుతుంటే!"

ఆమెది వియత్నాం. దగ్గర్లోని సెలూన్‌లో గోళ్లకు రంగులు వేస్తుందట. మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి ఈ పూజకే వీలవుతుందట.

"మాది కమ్యూనిస్టు ప్రభుత్వం," అంది. "మా ఊళ్లో పెద్ద కథీడ్రల్ ఉంది. గంట కొట్టనిస్తారు, పూజ చేయనిస్తారు. కానీ కొత్త ఫాదర్ రావాలంటే ఆఫీసు వాళ్లకు చెప్పాలి. జనంలో ఎప్పుడూ వాళ్ల మనిషి ఒకడు కూర్చుంటాడు. అతన్ని ఎలా గుర్తుపట్టాలో మా అమ్మమ్మ నాకు నేర్పింది. అందరూ మోకరించాక మోకరిస్తాడు. మాటిమాటికీ తల తిప్పుతాడు. మేమెవ్వరం పూజలో తల తిప్పం."

"మరి అతన్ని ఏం చేసేవాళ్లు?"

"క్రిస్మస్‌కి అమ్మమ్మ కేకు పెట్టేది. చలిలో వచ్చాడు పాపం అని." ఆమె నవ్వలేదు. "నువ్వూ అంతే. తల తిప్పుతావు. అందరికంటే ఆలస్యంగా మోకరిస్తావు. నీ పక్కన ఆమె ముసుగులో వణుకుతూ ఉంటుంది. అందుకే నీమీద కన్నేశాను."

బస్సులో కూర్చున్నాక ఇంకో అనుమానం వచ్చింది. నిజంగా పట్టించే మనిషైనా ఇలాంటి కథే చెబుతుంది కదా!

అక్క మాత్రం పడీపడీ నవ్వింది. "నువ్వా? బకాలా కొట్లో బ్రెడ్డు అడగనీకే సిగ్గుపడ్తావు, నువ్వు పట్టిస్తావా!" కాసేపటికి నవ్వు ఆపింది. "ఆ యమ్మ సెప్పేది నిజమేనంటావా?"

"తెలీదక్కా."

"అట్లయితే పోయి ఆ యమ్మ పక్కనే కూసుంటా. తలుపు గూడా ఆడనే కదా. తేడా వస్తే ఉరుకుతా."

శుక్రవారం నేను ముందు బెంచీలో ఒంటరిగా కూర్చున్నాను. తల తిప్పకుండా ఉండటం అంత కష్టమని అప్పుడే తెలిసింది. మెడ నొప్పెట్టింది. పాటలో అందరికంటే అరక్షణం వెనకబడి వచ్చే అక్క గొంతు కోసం చెవులు రిక్కించాను. వినిపించింది. ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకోమని ఫాదర్ అన్నప్పుడు అందరూ తిరిగారు, నేనూ తిరిగాను. ఆమె అక్క చేతిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. చూపు మాత్రం పక్క తలుపు దగ్గర నిలబడ్డ ఎవరో కొత్త మనిషి మీద ఉంది.

పూజ అయ్యేసరికి చివరి బెంచీ ఖాళీ. బస్సు దిగి ఇంటికి పరిగెత్తాను. అక్క మా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఆ యమ్మ నా సెయ్యి పట్టుకోని లాక్కొచ్చేసింది పాపా. తలుపుకాడ నిలబడిన మనిషి మోకాలే వంచలేదంట."

"ఎవరినో దింపడానికొచ్చిన డ్రైవర్ అయ్యుంటాడక్కా."

"అయ్యుండొచ్చు." కత్తి ఆపి నావైపు చూసింది. "వచ్చే వారం నువ్వు గూడా ఎనక బెంచీకే రా."