నైలాను బనీను

రిన్యో మా దీవికి ఒక్క వేసవి ఉండి పోదామనే వచ్చింది. ఓడ దిగిన రోజున ఆ మాట నాతోనే అంది. అసలు పేరు రిన్యో కాదు, రెన్‌స్కె అట. అది మా నోళ్ళలో తిరక్క, వారం తిరక్కుండానే పిల్లని రిన్యోని చేసిపారేశాం. హాలెండు పిల్ల. ఏ ఊరే నీదని అడిగితే, గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు గరగరలాడే పేరొకటి చెప్పేది. తిరిగి అనడం మాకెవరికీ చేతకాలేదు. వేసవి అయ్యాక పోయే మనిషి, దాని ఊరి పేరుతో మనకేం పని అని ఊరుకున్నాం. తరవాత ఆ పేరు కోసమే ఎంత కొట్టుకున్నామో ఆ మరియమ్మ తల్లికే తెలియాలి.

తీసుకొచ్చినవాడు థెమెలి. మా పక్కింటి సెవస్తీ వదిన కొడుకు, ఒక్కగానొక్కడు. వాడి తండ్రి సముద్రం అడుగున స్పాంజీలు కోసే పనిలో కాళ్ళు పడిపోయి, మంచం మీదే పోయాడు. థెమెలి హాలెండు రేవులో వెల్డింగు పనికి పోయి, అక్కడ ముసలాళ్ళ ఆశ్రమంలో బట్టలుతికే ఈ పిల్లని చూసుకున్నాడు. "ఒక్క వేసవి మా ఊళ్ళో నాతో ఉండు. నచ్చితే పెళ్ళి, లేకపోతే నీ దారి నీది" అన్నాట్ట. ఇదేం బేరమమ్మా! చెప్పులు తొడిగి చూసి కొంటారు గానీ, మొగుణ్ణి కూడానా? ఊరంతా నోరు నొక్కుకుంది. నేనూ నొక్కుకున్నాను.

పడవల కొట్టం వెనక గదిలో ఇద్దరూ కాపురం పెట్టారు. పిల్ల ఎండకి ఉడికిన పీతలా ఎర్రబడిపోయినా నీడన కూర్చునేది కాదు. ఆక్టోపస్‌ని మెత్తబడేదాకా రాతి మీద బాదడం నా దగ్గరే నేర్చుకుంది. మొదటిరోజు బాదుతూ ఏడ్చింది. "చచ్చిందానికి నొప్పేమిటే పిచ్చిదానా" అంటే, "అది చచ్చింది పిన్నీ, నా చెయ్యి చావలేదు" అంది. అప్పటికే మా మాటలు అంత బాగా పట్టేసింది.

సెవస్తీ వదిన మాత్రం దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. ఓ పొద్దున అది పళ్ళెం నిండా అంజూరాలు కోసి తెచ్చింది. వదిన పళ్ళెం అందుకుని, దాని కళ్ళ ముందే మేకకి పెట్టింది. మేక నమిలినంతసేపూ రిన్యో అక్కడే నిలబడింది.

"మేకకి నచ్చాయి అమ్మా. రేపు ఇంకా తెస్తాను."

తెచ్చింది కూడా. రోజూ తెచ్చింది. ఆ వేసవి ఆ మేక బలిసినట్టు ఊళ్ళో మరే మేకా బలవలేదు. నేను గోడ ఇవతల నవ్వుకునేదాన్ని, వదిన నన్ను తిట్టేది.

ఆగస్టులో మరియమ్మ తల్లి పండగొచ్చింది. ఆ రోజు కన్నతల్లిని చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకెళ్ళని కొడుకు మా దీవిలో ఉండడు. థెమెలి వస్తానన్నాడు, కానీ రిన్యోని కూడా తెస్తానన్నాడు. "అది నా పక్కన కొవ్వొత్తి వెలిగిస్తే నేను చర్చిలో అడుగు పెట్టను" అంది వదిన. "అయితే నీ ఇష్టం" అని వాడు ఆ పిల్లని పడవెక్కించుకుని చక్కా పోయాడు. వదిన పండగ చీటీ గుడ్డ తలకి కట్టుకుని, సాయంత్రం దాకా వాకిట్లో కూర్చుంది. ఊరంతా చర్చి నుంచి తిరిగొస్తోంది, అందరూ చూశారు. వాళ్ళ పడవ రేవులో కనబడగానే లేచి, తలగుడ్డ పీకి, జుట్టు విరబోసుకుంది.

"నిన్ను మన్ను తినకుండా పోవాలిరా! నేల నిన్ను అరిగించుకోకుండా పోవాలి!"

చావమని తిట్టడం మాకో లెక్క కాదు. పాలు పొంగినా, గొర్రె తప్పిపోయినా కొడుకుల్ని చావమనే తిడతాం, వాళ్ళు నవ్వుకుంటూ అన్నానికి కూర్చుంటారు. ఇది అలాంటిది కాదు. తల్లి నోట ఈ మాట వస్తే, చచ్చినవాడి ఒళ్ళు మట్టిలో కలవదు, ఆత్మకి దారి దొరకదు. "నోరు ముయ్యి వదినా!" అని పరిగెత్తాను. అనేసిన మాట నోట్లోకి తిరిగెళ్తుందా?

నెల తిరక్కుండానే థెమెలి పోయాడు. పడవ ఇంజను రెక్కకి వల తాడు చుట్టుకుంటే, కత్తి పట్టుకుని కిందికి దిగాడు. పైన అల కొట్టింది, పడవ లేచి వాడి తల మీద పడింది. రిన్యో పడవలోనే ఉంది. తనే నీళ్ళలో దూకి, జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది. ఆ వారమే తిరుగు ఓడకి వెళ్ళాలా, ఉండిపోవాలా అన్నది తేల్చుకోవాల్సి ఉంది. తేల్చుకుంది, ఉంటానని ఆ పొద్దునే వాడితో చెప్పిందట. ఆ సంగతి నాకు చాన్నాళ్ళకి చెప్పింది.

మా ఊళ్ళో చచ్చినవాళ్ళకి స్నానం చేయించి బట్టలు తొడిగేది నేనే. మా అమ్మ చేసేది, నాకొచ్చింది. థెమెలిని నేనే తుడిచాను. నూలు చొక్కా, నూలు ప్యాంటు, అంతే. నైలాను పోగు ఒంటి మీద ఉండకూడదని మాకు పసిపిల్లకి కూడా తెలుసు. నైలాను తొడిగితే మన్ను లోపలికి దిగదు, ఒళ్ళు అలాగే ఉండిపోతుంది. వదిన కింద పడి దొర్లుతోంది. రిన్యో గుమ్మం అవతలే నిలబడింది. ఎవరూ లోపలికి రమ్మనలేదు. పెళ్ళికాని పరాయిది మరి.

పూడ్చాక మా ఇంటికొచ్చి, "ఇంక వాణ్ణి చూడను కదా పిన్నీ" అని కూలబడింది. ఊరుకోబెడదామని చెప్పాను. మాది రాళ్ళ దీవి, శ్మశానం అరచేతంత. మూడేళ్ళకి గొయ్యి తవ్వి, ఎముకలు పైకి తీసి, వైనుతో కడిగి, పెట్టెలో పెట్టి చర్చి పక్క గదిలో ఉంచుతాం. గొయ్యి ఇంకొకరికిస్తాం. కడిగేది ఇంటి ఆడవాళ్ళు.

"అంటే, మళ్ళీ వస్తాడా?"

"ఎముకలే తల్లీ."

"నేను కడగొచ్చా?"

"అది సెవస్తీ చెప్పాలి."

అదిగో, ఆ మాట పట్టుకుని ఉండిపోయింది. ఒక్క వేసవికి వచ్చిన పిల్ల మూడు చలికాలాలు ఆ కొట్టం గదిలో, కిటికీ సందుల్లోంచి ఉప్పుగాలి కొడుతుంటే, గోనెపట్టా కప్పుకుని పడుకుంది. ఎండాకాలం టూరిస్టుల గదులు తుడిచింది, చలికాలం వలలు బాగుచేసింది. పొద్దున థెమెలి సమాధి మీద వదిన దీపం పెట్టేది, సాయంత్రం ఇది నూనె పోసేది. ఇద్దరూ ఎదురుపడేవాళ్ళు కారు. మొదట్లో వదిన దీని నూనె పారబోసి తన నూనె పోసుకునేది. తరవాత పారబోయడం మానేసింది. అదెప్పుడు మానేసిందో నేను గమనించాను, ఏమీ అనలేదు. అంటే మళ్ళీ మొదలెడుతుంది, వదిన సంగతి నాకు తెలియదూ!

ఇటు వదినకి నిద్ర కరవైంది. రొట్టెముక్క నీళ్ళలో నానేసి, తినడం మర్చిపోయేది. గోడ మీంచి ఒకటే ప్రశ్న. "ఒసే ఆర్గిరో, కలిసిపోయుంటాడంటావా? తల్లి మాట నిజంగా తగులుతుందంటావా?" "కలిసిపోయుంటాడు వదినా, నువ్వు తిను" అనేదాన్ని.

మూడో వేసవి చివర, తవ్వే రోజు దగ్గరపడ్డాక, వదిన తనంతట తనే కొట్టం దగ్గరకెళ్ళింది. లోపలికి వెళ్ళలేదు. బయటే నిలబడి, గోడకి చెప్పినట్టు చెప్పింది.

"వాణ్ణి నీళ్ళలోంచి తల పట్టుకుని తెచ్చావట. తల నువ్వు కడుగు. మిగతాది నాది."

రిన్యో నా దగ్గరకి పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. తెల్ల నూలుగుడ్డ కొని, అంచు తనే కుట్టుకుంది. ఎర్ర వైను సీసా ఒకటి కొని, రోజుకోసారి తుడిచి పెట్టేది. అదీ దాని ఆస్తి.

ఆ పొద్దున ఫాదరుగారు, మేము, నలుగురు చుట్టాలు. కాటికాపరి యాకూమి దిగి తవ్వాడు. తవ్వుతున్నవాడు ఆగిపోయాడు. పార పక్కన పెట్టి, చేత్తో మట్టి తుడిచాడు. తల ఎత్తి ఫాదరుగారి వైపు చూశాడు. నూలు చొక్కా కనబడింది. చొక్కా లోపల మనిషి ఇంకా ఉన్నాడు.

మన్ను తినలేదు.

వదిన మెల్లిగా వంగి, గొయ్యి అంచున ఉన్న రాయి తీసుకుని తన నోటి మీదే కొట్టుకుంది. "ఈ నోరే! ఈ నోరే!" పళ్ళు రాలి రక్తం కారుతోంది. ఇద్దరు పట్టుకున్నా ఆగడం లేదు. చుట్టాల్లో ఒకామె శిలువ గీసుకుని, "తల్లి శాపం" అనేసింది పైకే. ఆ మాటతో వదిన గోతిలోకి దూకబోయింది.

"నేనే!" అంది రిన్యో.

అందరం తిరిగి చూశాం. పిల్ల మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"నేనే చేశాను. వాడు నీళ్ళలోంచి వచ్చాడు, చల్లగా ఉన్నాడు. పిన్ని నీళ్ళు పారబోయడానికి బయటికెళ్ళినప్పుడు, చొక్కా కింద నా నైలాను బనీను తొడిగాను. చలేస్తుందని. మీ పద్ధతి నాకు తెలీదు. శాపం కాదు. నైలానే."

వదిన చేతిలోంచి రాయి జారిపోయింది. మూడేళ్ళ తరవాత వదిన ఊపిరి పీల్చడం నేను చూశాను. గుండెల నిండా ఒక్క ఊపిరి. అంతే, మరుక్షణం ఆ రక్తం నోటితోనే రిన్యో మీదికి లంఘించింది.

"ముదనష్టపుదానా! నా కొడుకుని బతికుండగా నాకు కాకుండా చేశావు. చచ్చాక మన్నుకి కూడా కాకుండా చేశావా? పో! మళ్ళీ ఈ దీవి మీద కాలు పెడితే ఇదే గోతిలో పాతేస్తాను!"

ఫాదరుగారు ప్రార్థన చదివారు, యాకూమి గబగబా మట్టి కప్పేశాడు. చొక్కా విప్పి ఎవరు చూస్తారు?

చొక్కా నేను తొడిగాను. లోపల ఏమీ లేదు. నీళ్ళు పారబోయడానికి నేను బయటికే వెళ్ళలేదు, ఆ పని యాకూమి పెళ్ళాం చేసింది. వాడు కలవకపోవడానికి ఏం కారణమో, ఆ మూల బంకమట్టో, నిజంగా శాపమో, నాకు తెలీదు. తెలిసిందల్లా ఇది అబద్ధమని. నోరు తెరిచాను. రిన్యో నా వైపు చూసింది. ఆ చూపుకి నా నోరు మూతపడింది.

ఓడ రేవు దగ్గర చెయ్యి పట్టుకుని నిలదీశాను. "ఎందుకే? మూడేళ్ళు దేనికోసం పడున్నావే మరి?"

"ఆవిడ ఇక్కడే ఉండాలి కదా పిన్నీ. రోజూ ఆ గొయ్యి చూస్తూ ఉండాలి. నాకు వెళ్ళడానికి ఒక ఊరుంది."

వైను సీసా, తెల్లగుడ్డ నా చేతిలో పెట్టి ఓడెక్కింది. పైన నిలబడి చెయ్యి ఊపలేదు. నేనూ ఊపలేదు.

ఇంకో రెండేళ్ళకి మళ్ళీ తవ్వాం. ఈసారి థెమెలి శుభ్రంగా వచ్చాడు, ఎముకలు తేనెరంగులో. ఆ రంగు మంచి ఆత్మకి గుర్తంటారు. అందరూ ఏడుస్తూనే ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు. వదిన మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని మట్టి వేళ్ళతో జల్లెడపడుతోంది.

"నైలాను ఏదిరా యాకూమీ?"

"ఏ నైలాను?"

"అది తొడిగింది. బనీను."

యాకూమికి లౌక్యం లేదు, పుట్టినప్పట్నుంచీ లేదు. "లేదమ్మా. ఉంటే వచ్చేది. నైలాను ఎక్కడికి పోతుంది? మొన్న బేకరీ తాతని తవ్వితే మేజోళ్ళు వచ్చాయి, చార కూడా చెదరలేదు" అన్నాడు.

వదిన గొయ్యి అంతా వెతికింది. గోళ్ళ నిండా మట్టి. చొక్కా గుండీలు దొరికాయి. అవి అరచేతిలో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"చొక్కా నువ్వేగా తొడిగావు?"

"నేనే వదినా."

"లోపల బనీను ఉందా?"

ఇంక నాకు అబద్ధం చేతకాలేదు. "లేదు" అన్నాను.

వదిన వైను పళ్ళెం దగ్గరకి జరిగి, ఎముకలు ఒక్కొక్కటీ కడిగింది, పసివాడికి నీళ్ళు పోసినట్టు. చేతులు, కాళ్ళు, పక్కటెముకలు. తల దగ్గరకొచ్చేసరికి ఆగింది. మట్టి అంటుకున్న తల అలాగే తీసి, ముద్దు పెట్టుకుని, నా చేతికిచ్చింది.

"దాని గుడ్డ నీ దగ్గరుందిగా. అందులో చుట్టు."

"కడగవా వదినా?"

"నాకేం హక్కు? నా కోడలొచ్చి కడుగుతుంది."

కోడలు! ఆ మాట వినడానికి అది లేదు.

ఆ మర్నాటి నుంచి వెతుకులాట. రేవులో టెలిఫోను ముందు ఇద్దరం నిలబడి, ఆ గరగరలాడే ఊరి పేరు ఎలా అనాలో తెలీక, ఆపరేటరు మీద అరిచాం. దాని ఇంటి పేరు ఎవరూ ఎప్పుడూ అడగలేదు. టూరిస్టుల్లో హాలెండు వాళ్ళు కనబడితే చాలు, వదిన చెయ్యి పట్టుకుని ఆపేది. "రిన్యో తెలుసా? మా రిన్యో?" వాళ్ళు నవ్వేసి పోయేవాళ్ళు. దాని అసలు పేరు రిన్యో కాదని, ఆ పేరు మేం పెట్టిందేనని, వదినకి నేను గుర్తుచేయలేకపోయేదాన్ని.

వదిన కిందటి చలికాలం పోయింది. ఉన్నన్నాళ్ళూ, అంజూరాల కాలం వచ్చినప్పుడల్లా ఒక పళ్ళెం నిండా కోసి వాకిట్లో పెట్టేది, మేకని ముట్టనిచ్చేది కాదు. వదినకి కూడా నేనే బట్టలు తొడిగాను, నూలువే. చర్చి గదిలో థెమెలి పెట్టె మూత ఇంకా మూయలేదు. తల ఆ తెల్లగుడ్డలో, మట్టితోనే ఉంది. వైను సీసా నేను రోజూ తుడుస్తున్నాను.