టైరు కింద నా డైనోసార్లు

కొత్త లారీ టైరు కింద నిమ్మకాయ పెట్టడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నరసరావుపేటలో మా నాన్న లారీలకు రంగులు వేసేవాడు. నేను నాలుగో తరగతిలో ఉండగా మా టీచరు డైనోసార్ల బొమ్మలు చూపించింది. నాకవి అచ్చం మా షెడ్డుకొచ్చే లారీల్లాగే కనిపించాయి. ఆ ఎండాకాలం సెలవులన్నీ కూర్చుని, పాత క్యాలెండర్ కాగితాల వెనక డైనోసార్ లారీల బొమ్మలు వేసి, దబ్బనంతో కుట్టి పుస్తకం చేశాను. మెడ పొడుగు లారీ మాచర్ల నాపరాళ్ళు మోసేది. మూడు కొమ్ములది మిరప బస్తాలతో గుంటూరు పోయేది. నూజెండ్ల నల్లమట్టిలో దిగబడిన పిల్ల లారీని మిగతావన్నీ తోకలు ముడేసుకుని లాగడం కథ. చివరి పేజీలో కోరలున్న పెద్దది నోరంతా తెరిచి నవ్వేది.

"ఏమే, ఈ కోరలు చానా బాగా కుదిరినయ్యే" అని నాన్న ఆ పుస్తకాన్ని రెండు రోజులు షెడ్డులోనే పెట్టుకున్నాడు. నేను పొంగిపోయాను.

మూడో రోజు, నాన్న రంగులేసిన ఒక కొత్త లారీకి షెడ్డు ముందు పూజ. నేనూ వెళ్ళాను. కొబ్బరికాయ కొట్టి లేస్తున్న ఓనరుకు రంగుడబ్బాల పక్కన నా పుస్తకం కనబడింది.

"ఏందయ్యా ఇది? కొత్త బండి కాడ బల్లి బొమ్మలేంది?"

"బల్లులు కాదండీ, డైనోసార్లు. మా పిల్ల వేసింది" అని నాన్న నసిగాడు.

"ఏదైతే ఏంది? ఒక్క బల్లి మీద పడితేనే అరిష్టం. ఇన్ని ఎదురొస్తే బండి బాగుపడుద్దా? ఆ నిమ్మకాయతో పాటే టైరు కింద పెట్టు, దోషం పోద్ది."

నాన్న గంగిరెద్దులా తలూపాడు. నేను పరిగెత్తి పుస్తకాన్ని అందుకుని, గుండెకు హత్తుకుని ఇవ్వనన్నాను. నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది ఓనరు కాదు, మా నాన్నే. తన చేత్తోనే తీసుకెళ్ళి టైరు కింద పెట్టాడు. లారీ కదిలింది. కాగితాలు నిమ్మరసంలో ముద్దయిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

లారీ రోడ్డెక్కుతుంటే దాని వెనక వైపు చూశాను. దిష్టి తగలకుండా నాన్న వేసిన రాక్షసుడి మొహం ఉందక్కడ. ఆ నోరు నా చివరి పేజీలోదే, ఒక్క కోర కూడా మారలేదు. ఇందాక ఓనరు దానికే కుంకుమ పెట్టి దణ్ణం పెట్టాడు.

"మళ్ళీ వేసుకుందువులే అమ్మా" అన్నాడు నాన్న.

"ఆ మొహం నా పుస్తకంలో చూసి వేశానని ఆయనతో చెప్పొచ్చుగా?"

నాన్న నా వైపు చూడకుండా కుంచెలు కడుక్కున్నాడు. "చెబితే అదీ చెరిపేయమంటాడే."

తన బొమ్మ చెరగకుండా ఉండటానికి నా పుస్తకాన్ని టైరు కింద పెట్టాడు. ఆ లారీ ఏళ్ళ తరబడి మా ఊళ్ళో తిరిగింది, నా కోరలతో.