భజన మందిరానికి మురుగు మట్టి ఇటుకలు

రజాకార్ల గడబిడ సద్దుమణిగిన మరుసటి వేసవిలో మా భజన సమాజం కట్టుకుంటున్న మందిరం గోడలు మోకాటి ఎత్తున ఆగిపోయాయి. వానలు దగ్గరపడ్డాయి, ఇటుకలు దొరకవు. లింగంపల్లి దగ్గర మల్లయ్య బట్టీలో మాత్రం ఉన్నాయట. కాకపోతే వాటిలో మురుగు మట్టి కలుపుతాడని పుకారు. నిజమైతే వద్దని చెప్పి, అబద్ధమైతే బేరం ఖాయం చేసుకుని రమ్మని మా అధ్యక్షులు నన్ను పంపారు. నాకు శాస్త్రం తెలుసునని వారి నమ్మకం.

ఉదయం ఏడింటికి నాంపల్లిలో మూడో తరగతి పెట్టె ఎక్కాను. పక్కనున్న పాల వ్యాపారి నా పని విని, "మల్లయ్య తానికా? ఆకలితోని పో. ఆయన పెండ్లాం లక్ష్మమ్మ మంచిగ వండుతది," అన్నాడు. ఎనిమిదిన్నరకు దిగి అరగంట నడిచాను.

ఊరి మురుగు కాలువ కుంటలో కలిసేచోట మల్లయ్య మూడు మడులు కట్టాడు. మొదటి మడిలో బురద అడుక్కి దిగుతుంది. మిగతా రెండింటిలో తుంగ, వెడల్పాటి ఆకుల మొక్కలు నీటిలోని ఎరువును పీల్చేస్తాయి. ఇదివరకు ఆ ఎరువుకే కుంట పాచిపట్టి చేపలు చచ్చేవట. ఇప్పుడు అడుగు కనబడుతోంది. తీసిన బురదను ఎండబెట్టి, ఎర్రమట్టి, ఊక బూడిద కలిపి ఇటుకలు కాలుస్తాడు. ఏదీ దాచలేదు.

నేను ఒక ఇటుకను ముక్కు దగ్గర పెట్టుకుంటే లక్ష్మమ్మ, "గది అత్తరు కాదయ్యగారు," అంది.

వాసన లేదు. రెండు ఇటుకలు ఒకదానికొకటి తాటిస్తే ఖంగున మోగాయి. అయినా పుకారు నిజమే కదా, వద్దని చెప్పేందుకు గొంతు సవరించుకున్నాను. ముందు తిని తర్వాత మాట్లాడమంది లక్ష్మమ్మ.

పన్నెండింటికి జొన్నరొట్టె, చేమదుంపల పులుసు పెట్టింది. మా సమాజం నియమం ప్రకారం స్వామికి నివేదించి, కళ్లకద్దుకుని తిన్నాను. మూడోసారి వడ్డించుకున్నాక దుంపలు ఎక్కడివని అడిగాను. మల్లయ్య మడుల వైపు చెయ్యి చూపాడు.

నోట్లో ముద్ద ఆగిపోయింది. ఉమ్ముదామంటే ప్రసాదం. మైల అందామంటే స్వామి ఆరగించినది.

"దుంప ఉడికితెనే స్వామి తిన్నడు," అన్నాడు మల్లయ్య నెమ్మదిగా. "ఇటుక వారం దినాలు మంటల కాలింది. ఇంకేం గావాలె అయ్యగారు?"

చదివిన శాస్త్రం పక్కన పెట్టి, ముద్ద మింగి బేరం ఖాయం చేశాను.

సాయంత్రం నాలుగున్నర బండికి తిరుగు ప్రయాణం. అంత తేట కుంటను నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. వెళ్లదలచినవారికి స్టేషన్లో ఎవరైనా దారి చెబుతారు. బండిలో ఎదురుగా కూర్చున్న ముసలాయన నా మూటలో ఏముందని అడిగాడు. మా అధ్యక్షులకు లక్ష్మమ్మ ఇచ్చిన చేమదుంపలని చెప్పి, జరిగినదంతా వినిపించాను.

"మరి ఆయనకు గీ ముచ్చట చెప్తవా?"

"అంతా చెబుతాను," అన్నాను. "ఆయన ప్రసాదం తిన్నాక."