అత్తయ్య కాఫీ మానేసిన నాలుగు నెలలు

మొన్న పొద్దున్న తాడేపల్లిగూడెం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టారట. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు ఇవ్వొచ్చట. దానికి కిందటి నెలలోనే నిండాయి. "ఇవ్వాలనే ఉందమ్మా, సూదంటేనే భయం," అంది. "భయపడుతూనే ఇవ్వు. ముందు కడుపునిండా టిఫిను తిను," అన్నాను. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు, మా మేనత్తది.

నన్ను పెంచింది అత్తయ్యే. కాన్పుకు ఏలూరు పవరుపేటలో ఆవిడ ఇంటికే వచ్చాను. మహా మడి మనిషి. మంచినీళ్ళ బిందెను మా చీర చెంగు తాకినా మళ్ళీ తోమేది. చాకుతో వేలు తెగితే చాలు, "ఒక్క బొట్టు రక్తం పట్టాలంటే ఎన్ని ముద్దలు తినాలో తెలుసా!" అని ఇల్లు ఎగరగొట్టేది. అలాంటిది, అమ్మాయి పుట్టిన గంటకు నాకు రక్తస్రావం ఆగలేదు. నాది నెగటివ్ గ్రూపు. ఆసుపత్రిలో ఒక ప్యాకెట్టే ఉంది, ఇంకొకటి కావాలి. మా ఆయన గ్రూపు కలవలేదు. వరండాలో ఉన్న చుట్టాల్లో ఒకరికి బీపీ గుర్తొచ్చింది, ఇంకొకరికి పనేదో గుర్తొచ్చింది. అత్తయ్య తన చెయ్యి చాపింది గాని, ఆవిడ గ్రూపూ వేరే. ఇవన్నీ తర్వాత విన్నవే. నాకు తెలిసిందల్లా, కాళ్ళ దగ్గర్నుంచి చలి పైకి పాకడం, పాప ఏడుపు గోడ అవతల నుంచి వస్తున్నట్టు వినబడటం.

బ్లడ్ బ్యాంకువాళ్ళు తమ పుస్తకంలో ఉన్న ఒక నంబరుకు ఫోన్ చేశారు. కొల్లేటి లంకలో చేపల చెరువు మీద పనిచేసే మనిషి. వల అక్కడే వదిలేసి, పడవెక్కి, గట్టు మీద ఎవరి బండో పట్టుకుని మధ్యాహ్నానికి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురదేనట. చెయ్యి కడుక్కుని పడుకున్నాడు, ఇచ్చాడు, లేచాడు. అత్తయ్య తన ఫ్లాస్కులో కాఫీ, ఎవరినీ ముట్టుకోనివ్వని తన గ్లాసులోనే పోసి ఇచ్చింది.

"పొద్దున్న ఏమైనా తిన్నారా బాబూ?"

"తిన్నానండమ్మా. చద్దన్నం, చేపల పులుసండి."

"మీకు ఏం చేసిపెట్టమంటారు?"

"నాకేం వద్దండి. బావిలో నీళ్ళలాగే, తోడితే మళ్ళీ ఊరుద్దండి. మీరూ ఎవరికైనా ఇవ్వండమ్మా, అంతేనండి," అని బస్సు టైమవుతోందని వెళ్ళిపోయాడు.

నేను కోలుకున్నాక అత్తయ్య వీధంతా చెప్పుకుంది: "మా మేనకోడలి ఒంట్లో ఇప్పుడు చేపల పులుసు పారుతోందండీ!" ఆ చెప్పడంలో రవ్వంత గర్వం కూడా ఉండేది. కాని ఆయన చివర అన్న మాట మాత్రం ఆవిడ లోపల ముల్లులా ఉండిపోయింది. నేను లేచి తిరగడం మొదలుపెట్టగానే, పంచాంగం చూసి ఏకాదశి ఉపవాసం లేని మంచిరోజు ఎంచుకుని, నన్ను వెంటబెట్టుకుని బ్లడ్ బ్యాంకుకు వెళ్ళింది. అప్పటికి ఆవిడకు యాభై. బరువు సరిపోయింది, బీపీ సరిపోయింది. వేలు గుచ్చి తీసిన చుక్క మాత్రం నీలం మందునీళ్ళలో మునగకుండా తేలింది. రక్తం పలచనన్నమాట. "హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉండాలండి, మీకు లేదండి," అంది నర్సు. "యాభై ఏళ్ళు నెయ్యి పోసుకుని తిన్న ఒళ్ళండీ ఇది!" అని అత్తయ్య చిన్నబుచ్చుకుంది.

డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు. ఆకుకూరలు తినమన్నారు, అన్నం తిన్న వెంటనే కాఫీ వద్దన్నారు. ఆవిడ, తిన్న వెంటనే వద్దన్న కాఫీని మొత్తానికే మానేసింది, కాశీకి వెళ్ళి ఇష్టమైనది వదిలేసి వచ్చినట్టు. మునగాకు పప్పు, తోటకూర పులుసు, నువ్వులుండలు. నాలుగు నెలలు ఇంట్లో అందరం అవే తిన్నాం. నేను చాటుగా కాఫీ పెట్టుకుంటే వాసన పట్టి, వంటింటి గుమ్మంలో ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నిలబడి వెళ్ళిపోయేది.

రెండోసారి చుక్క మునిగింది. చేతిలో స్పంజి బంతి పెట్టి పిసుకుతూ ఉండమన్నారు. పదినిమిషాలు కాలేదు. "అయిపోయిందా? పూలు గుచ్చే సూది గుచ్చుకున్నంత కూడా లేదే!" అంది. వాళ్ళిచ్చిన బిస్కెట్టు వంక కాసేపు చూసి, మడిని పక్కకు జరిపి తినేసింది. రక్తం ఎవరికి వెళ్తుందని అడిగితే చెప్పకూడదన్నారు. "మంచిదే, తెలిస్తే గొప్పలు చెప్పుకుంటాను," అంది. మర్నాడు మామూలుగానే ముగ్గు వేసింది. ఆడవాళ్ళు నాలుగు నెలలకొకసారి ఇవ్వొచ్చని తెలిశాక, ఎప్పుడైనా రక్తం చాలక వెనక్కి పంపితే తప్ప ఏ విడతా వదల్లేదు. "భయపడుతూనే ఇవ్వండి," అని వీధిలో ఇద్దరు కోడళ్ళను, ఒక పంతులుగారిని కూడా లాక్కెళ్ళింది.

మూడేళ్ళ కిందట అరవై అయిదు నిండాయి. డాక్టరుగారు పుట్టిన తేదీ చూసి, "ఇక చాలు పెద్దమ్మగారూ. ఈ వయసు దాటితే తీసుకోకూడదండి," అన్నారు.

"పోయిన వారం వస్తే తీసుకునేవారాండీ?"

"తీసుకునేవాళ్ళమండి."

"ఈ వారంలో నాకేమైందండీ?"

ఆయన నవ్వబోయి మానేశారు. బయటికొచ్చి అత్తయ్య మెట్ల మీద కూర్చుంది. మోచేతి మడతలో సూది మచ్చల్ని వేలితో తడుముకుంటూ, "ఈ చేతి రక్తం నాకంటే ఎక్కువ ఊళ్ళు తిరిగి ఉంటుందే," అంది. మనుషులు ఏళ్ళ తరబడి మెల్లగా ముసలివాళ్ళవుతారంటారు. మా అత్తయ్య మాత్రం ఆ మెట్ల మీద, పది నిమిషాల్లోనే అయింది.