పీణ్య బస్సులో బర్మా పలకరింపు

బర్మా పలకరింపులు నేను పుస్తకం చూసి నేర్చుకున్నానని మా ఫ్యాక్టరీలో అందరూ నమ్మారు. అది అబద్ధం. తొంభైల చివర్లో, పీణ్య పారిశ్రామికవాడకు వెళ్లే బస్సులో ఒక పెద్దావిడ నాకు నేర్పింది.

మా యంత్రాలు చూడడానికి రంగూన్ నుంచి ఆరోజు అతిథులు వస్తున్నారని నేను పక్కాయనతో అంటుంటే, ముందు సీటులోంచి ఆమె గిరుక్కున తిరిగింది.

"నేను పుట్టింది ఆ ఊర్లోనే అప్పా! ఆ మాటలు నోట పలికి ముప్పై ఏండ్లాయ."

దిగేలోగా 'మింగలాబా' అని దండం పెట్టడం, పేరు చెప్పుకోవడం నేర్పింది. "తమిన్ సా పీబీలా అని అడుగు. అన్నం తింటివా అని. ఆడ అదే పలకరింపు." కార్డు ఇచ్చేటప్పుడు ఎడమచేత్తో కుడి మోచెయ్యి పట్టుకోవాలని, నా టికెట్టుతోనే రెండుసార్లు చేయించింది. "వాళ్లేమనిరో రేపు నాకు చెప్పల్ల. మరిచిపోవద్దు."

అతిథులు మురిసిపోయారు. ఎక్కడ నేర్చావని సూపర్‌వైజరు అడిగాడు. అగరబత్తీలు చుట్టే పనికి వెళ్లే ఆవిడ నేర్పిందని చెప్పడం నామోషీ అనిపించి, పుస్తకం చూసి నేర్చుకున్నానన్నాను.

మరునాడు బస్సులో ఆ సూపర్‌వైజరే నా పక్కన కూర్చున్నాడు. ఆమె ఎక్కుతూనే నన్ను చూసి, ముఖమంతా నవ్వుతో, "తమిన్ సా పీబీలా? ఏమనిరప్పా వాళ్లు?" అంది.

"ఎవరయ్యా ఈమె?" అన్నాడు సూపర్‌వైజరు.

"తెలియదు సార్."

ఆమె నన్నొకసారి, ఆయన్నొకసారి చూసింది. నవ్వు చెదరనీయకుండా ఆయనతోనే చెప్పింది.

"నేనే పొరబడితి లేప్పా. అచ్చం ఈయప్ప మాదిరే ఇంకొకాయన ఉండాడు. శానా మంచోడు."