మామయ్య ఉంచుకున్న కుందేలు

మా చెంచురామయ్య మామయ్యకి ఏది కనబడినా, అది విత్తనానికి పనికొస్తుందా రాదా అన్న ఆలోచనే ముందు వస్తుంది. మా ఆయనకి స్వయానా బాబాయి. నన్ను చూడ్డానికి వచ్చిన రోజున అందరూ చదువేంటి, వంటొచ్చా అని అడుగుతుంటే ఈయన మాత్రం నన్నూ, నా వెనక నిలబడ్డ మా అమ్మనీ మార్చి మార్చి చూసి, "చెట్టు గట్టిదే" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా అమ్మ మాత్రం అది మెచ్చుకోలే అంటుంది.

మార్టూరుకి దగ్గర్లోని మా ఊళ్లో చాలామంది మిరప విత్తనం ప్యాకెట్లు కొనుక్కుంటారు. మామయ్య కొనడు. కోత మొదలవ్వక ముందే తోటంతా తిరిగి, మనసుకి నచ్చిన మొక్కకి పాత చీర అంచు చింపి ఎర్ర పీలిక కడతాడు. పీలిక కనబడితే కోతకొచ్చిన ఆడవాళ్లు ఆ చెట్టు జోలికి పోరు. ఎండిన కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల గింజ ఎలా ఉందో చెబుతాడు. ఆయన చెప్పింది చాలాసార్లు నిజమే అవుతుంది. అదే మా ప్రాణం మీదికి వచ్చింది. మిరపకాయ దగ్గర నెగ్గిన మనిషి గేదెల గురించీ, గుమ్మడికాయల గురించీ, ఊళ్లోకొచ్చే కొత్త అల్లుళ్ల గురించీ అదే ధీమాతో మాట్లాడతాడు.

పొగాకు వేయడం మానేశాక వాళ్ల బ్యారన్ ఖాళీగా పడి ఉంది. ఆకు కాల్చడానికి కట్టిన పెద్ద గది అది. మంగళగిరిలో చుట్టాలింట్లో కుందేళ్లని చూసొచ్చిన మామయ్య, అందులో జాలీ బోన్లు పెట్టించాడు. పున్నమ్మ అత్తయ్యకి అప్పటినుంచీ మంట. పత్తి తీత మొదలైతే పత్తి కుక్కిన బోరాలన్నీ నట్టింట్లోకే వస్తాయి. పత్తి లోపల, మంచాలు బయట. ఆ నూగుకి ఆవిడ తుమ్మే తుమ్ములు మా ఇంటిదాకా వినబడతాయి. బ్యారన్ ఇచ్చేస్తే పత్తి అందులో పెట్టుకుని హాయిగా నిద్రపోవాలని ఆవిడ ఆశ.

మొదట తెచ్చిన తల్లి కుందేలు మాత్రం మంచిది. పిల్లలు పెట్టే ముందు తన బొచ్చు తనే పీక్కుని మెత్తగా పక్క వేసేది. ఒక్క పిల్లనీ తొక్కి ఎరగదు. అది ముసలిదై, పోయే ముందు ఆరు పిల్లల్ని పెట్టింది. ఆరూ ఆడవే, ఆరూ తెల్లవే. అవి ఎదిగొచ్చేసరికి అత్తయ్య తీర్పు చెప్పేసింది.

"ఒక్కదాన్ని ఉంచుకో. మిగతావి ఇమాం హుస్సేన్‌కి ఇచ్చెయ్. ఆ ఒక్కటీ పిల్లల్ని పెట్టి సరిగ్గా సాకిందా, బ్యారన్ నీది. లేదా, బోన్లు పాతసామాన్లోడికి వేసి పత్తి పెట్టేస్తా. మళ్లీ నోరెత్తకూడదు."

"నేను ఎన్నింది ఎప్పుడన్నా తప్పిందా?" అన్నాడు మామయ్య.

"అట్టయితే భయం దేనికి?"

ఇమాం హుస్సేన్ ఆటోలో ఊళ్లు తిరుగుతూ కోళ్లూ కుందేళ్లూ కొనుక్కుపోతాడు. బేస్తవారం వస్తానని ఫోన్ చేశాడు.

మామయ్య ఒక్కోదాన్నీ ఎత్తి పళ్లు చూశాడు, పాదాలు చూశాడు, పొట్ట కింద చన్నులు తడిమాడు. ఆఖరికి చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడించాడు.

"మామయ్యా, అది మిరపకాయ కాదు, మోగదు" అన్నాను.

"నువ్వూరుకో అమ్మాయ్" అన్నాడు.

ఆయనకి నచ్చింది అన్నింట్లోకీ బొద్దుగా ఉన్నది. మేత వేయగానే మిగతావాటిని తోసేసి ముందు తనే తినేది. "పొగరు చూశావా! విత్తనమంటే అట్టా ఉండాలి." అత్తయ్యకి నచ్చింది వేరొకటి. అది మూల సర్దుకుని కూర్చుని గడ్డిపరకలు కాళ్ల కిందికి లాక్కునేది. "అచ్చం వాళ్లమ్మే" అంది ఆవిడ. మామయ్య దాన్ని ఒక్క చూపు చూసి "తాలుకాయ" అనేశాడు. తాలంటే రంగుపోయి తెల్లబడ్డ మిరపకాయ. అన్నీ తెల్లగానే ఉన్న కుందేళ్లలో అదొక్కటే తాలెలా అయిందో ఆయనకే తెలియాలి.

అలవాటు ప్రకారం చీర అంచు చింపి, తను ఎన్నుకున్నదాని మెడకి ఎర్ర పీలిక కట్టి చేతులు దులుపుకున్నాడు.

మిరపచెట్టు పీలికని తినదు. కుందేలు తింటుంది. మర్నాటికి పీలిక లేదు. ఇంకేదో కుందేలు మూతికి ఒక ఎర్ర దారప్పోగు వేలాడుతోంది. మళ్లీ కట్టాడు. మళ్లీ తినేశాయి.

"చెవి మీద పెన్నుతో గీత గీయండి మామయ్యా."

"విత్తనానికి ఇంకు పూస్తారా ఎవరన్నా?" అని మూడోసారి కట్టాడు, రెండు ముళ్లు వేసి.

బేస్తవారం ఆటో వచ్చి ఆగేసరికి ఆరు మెడలూ బోసిగా ఉన్నాయి. బొద్దుగా ఉన్నదాన్ని పట్టుకుంటే సరిపోయేదే. కానీ మామయ్య సంబరం కొద్దీ వారమంతా పిల్లిపెసర మేత దండిగా కోసుకొచ్చి వేశాడు. ఇప్పుడు అన్నీ బొద్దుగానే ఉన్నాయి. ఏది తోస్తుందో చూద్దామని గుప్పెడు మేత వేశాడు. కడుపు నిండినవి కదా, ఒక్కటీ కదల్లేదు.

మామయ్య బోను చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు, లేచి చూశాడు, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఏంటన్నా, పెళ్లిచూపులా? అవతల కోళ్లు ఎండకి మాడతన్నాయి" అన్నాడు ఇమాం హుస్సేన్.

మామయ్య నా పక్కకి వచ్చి, "అమ్మాయ్, నిన్న అది ఏ పక్కన కూర్చుంది?" అని గుసగుసగా అడిగాడు. నాకు నవ్వాగలేదు. కానీ ఆయన ముఖం చూశాక జాలేసింది. ఇంత పేరున్న మనిషి, తను కట్టిన పీలిక లేకపోయేసరికి తను ఎన్నుకున్నదాన్నే పోల్చుకోలేకపోయాడు.

పోల్చుకోగలిగిన మనిషి ఒక్కతే ఉంది. రోజూ బోను శుభ్రం చేసే అత్తయ్య. బ్యారన్ కావలసింది కూడా ఆవిడకే.

"పున్నమ్మా, ఏదే?" అన్నాడు మామయ్య. విత్తనం సంగతి ఆయన ఇంకొకళ్లని అడగడం నేను వినడం అదే మొదటిసారి. అత్తయ్య తడబడకుండా బోనులో చెయ్యి పెట్టి, ఒకదాన్ని తీసి ఆయన చేతుల్లో పెట్టింది. మిగతావి ఆటో ఎక్కాయి.

అక్కడినుంచీ మామయ్యకి మనశ్శాంతి లేదు. అది ఈడుకొచ్చాక ఊళ్లోనే కుందేళ్లు పెంచే క్రీస్తుదాసు గారింటి పోతు కుందేలు దగ్గరికి తీసుకెళ్లాడు. సూడి కట్టింది. ఆ నెల్లాళ్లూ బోను ముందే కూర్చునేవాడు.

"ఇది నేను ఎన్నిందేనంటావా? లేకపోతే పనికిమాలినదాన్ని నాకు అంటగట్టిందా?"

"అత్తయ్యనే అడగండి."

"అడిగితే నాకు తెలియదని తేలిపోదూ?"

ఆ సంగతి నలుగురి ముందూ ఎప్పుడో తేలిపోయిందని నేను అనలేదు. ఈలోగా పత్తి బోరాలు నట్టింట్లోకి రానే వచ్చాయి. అత్తయ్య తుమ్మినప్పుడల్లా మామయ్య ఉలిక్కిపడేవాడు.

ఒక పొద్దున మామయ్య కేకేస్తే పరిగెత్తాను. అత్తయ్య అప్పటికే బోను ముందు కూర్చుని ఉంది. పిల్లల కోసం బోనులో పెట్టిన పెట్టె నిండా తెల్లటి బొచ్చు, ఆ బొచ్చు కింద కదలిక. మామయ్య వేలితో మెల్లగా పక్కకి తీసి చూశాడు. ఎనిమిది పిల్లలు. అన్నీ వెచ్చగా ఉన్నాయి, పొట్టనిండా పాలున్నాయి.

"చూశారా!" అని అత్తయ్య వైపు తిరిగినవాడు అక్కడే ఆగిపోయాడు. గొంతు తగ్గించి, "ఇంతకీ ఇది నాదా, నీదా?" అన్నాడు.

"నాదే. నీది ఆటో ఎక్కింది."

మామయ్య ముఖం మాడిపోయింది. "మరి బ్యారన్ కావాలన్నావుగా? నాసిరకందాన్ని ఇచ్చుంటే నీదయ్యేదిగా?"

అత్తయ్యకి నిజంగానే కోపం వచ్చింది. "బ్యారన్ కావాలంటే నోరు పెట్టుకుని అడుగుతా. పోట్లాడి తీసుకుంటా. నోరులేనిదాన్ని అడ్డం పెట్టుకుని తీసుకుంటానా? ఇన్నేళ్లు కాపరం చేసి నాలో నువ్వు చూసింది ఇదా?"

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతలో ఆవిడ గట్టిగా తుమ్మింది.

మామయ్య లేచాడు. బోన్లన్నీ ఒక గోడకి జరిపాడు. నట్టింట్లోంచి పత్తి బోరా ఒకటి భుజానేసుకొచ్చి బ్యారన్‌లో రెండో గోడ పక్కన దించాడు. తర్వాత ఇంకొకటి. అన్నీ అయ్యాక చెమట తుడుచుకుంటూ వచ్చి అత్తయ్య పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అయితే చెప్పు. ఈ ఎనిమిదింట్లో ఏది ఉంచుకుందాం?"

"ఇంకా కళ్లన్నా తెరవలేదయ్యా అవి!" అంది అత్తయ్య. ఆవిడా నేనూ పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆవిడ చెప్పేదాకా కదిలేట్టు లేడు.