మా అంచు, వాళ్ల ఫైలు

సిరిసిల్లలో మా నేత సంఘానికి కార్యదర్శిగా ఉన్నన్నాళ్లూ తీర్మానాల పుస్తకం నేనే రాశాను. అందులో ఒక పేజీని ఇప్పటికీ తలవంచుకునే చదువుతాను.

అప్పట్లో చీర అంచు డిజైను మగ్గానికి తగిలించే రంధ్రాల అట్టల మీద ఉండేది. అట్టకు రంధ్రం ఉంటే దారం లేస్తుంది, లేకుంటే లేవదు. ఆ నియమం ఏ కంపెనీ సొత్తూ కాదు. అదే కొలత ఉన్న ఏ మగ్గానికి అట్టలు తగిలించినా అదే అంచు దిగేది.

తరువాత అట్టల స్థానంలో దారాలను లేపడానికి కంప్యూటరు పెట్టె వచ్చింది. జగిత్యాల డీలరు మా డిజైన్లన్నింటినీ ఫైళ్లుగా మార్పించాడు. వాటిని వేరే కంపెనీ పెట్టె చదవగలదా అని మాలో ఒక్కరమూ అడగలేదు. అట్టలను తుక్కుకు వేయాలన్న తీర్మానం నేనే రాసి సంతకం పెట్టాను.

నిరుడు ఆ పెట్టె చెడిపోయింది. ఆ రకం తయారీ అప్పటికే ఆపేశారట. మరో కంపెనీ పెట్టె తెస్తే అది మా ఫైళ్లను తెరవలేదు. ఆ ఫైళ్లలోనే ఉంది, నా తోటి నేతగాడు పడుచుతనంలో సొంతంగా కల్పించిన మొక్కజొన్న కంకుల అంచు. అతనికి పేరు తెచ్చింది అదొక్కటే.

ఇద్దరం జగిత్యాల వెళ్లాం. ఫైలును ఎలా చదవాలో ఆ పద్ధతి రాసిమ్మని డీలరును అడిగాను.

"గదంత కంపెనీ సీక్రెట్ సార్. మాకే చెప్పరు."

"అంచు నాదే గద బిడ్డా?" అన్నాడు నేతగాడు.

"డిజైను నీదే పెద్దనాయనా. ఫైలు కంపెనీది."

"మంచిగున్నది! చీర నాదట, మడత మీదట. రేపు కట్టుకునేటోళ్లు గూడ మిమ్మల్నే అడగాల్నా?"

డీలరు నవ్వి చాయ్ తెప్పించాడు. మేం ముట్టలేదు.

రంధ్రానికి అర్థమేమిటో అమ్మేవాడొక్కడే నిర్ణయిస్తే, నేసేవాడు తన పనికే పరాయివాడవుతాడు. ఆ నియమాలు ఎవరైనా చదవగలిగేలా బయట ఉండాలి. మార్చాలంటే నేసేవాళ్లు కూడా కూర్చున్న సభలోనే మారాలి. ఇదంతా రాసి సంఘం ముందు చదివాను.

"గిప్పుడు యాదికచ్చిందా సారూ?" అని వెనక నుంచి ఒకాయన అన్నాడు.

నేతగాడి ఇంట్లో ఆ అంచుతో నేసిన చీర ఒకటి మిగిలింది. అతడు భూతద్దం పెట్టి దారం దారం చూస్తూ గళ్ల కాగితం నింపాడు. నేను వరుసల సంఖ్యలు వేశాను. అంచు దొరికింది. కంకులే నేసిన కొంగును మాత్రం అతని భార్య ఏనాడో కత్తిరించి బొంతలో కలిపి కుట్టింది. ఆ బొంతా చిరిగిపోయింది.

"కొంగు యాదికున్నదా?" అని అడిగాను.

"కంకి యాదికున్నది. గింజలు ఎట్ల పేర్చిన్నో యాదికి లేదు."

కాగితం మీద కొంగు గళ్లు ఖాళీగా వదిలేశాం. ఎందుకు ఖాళీయో పక్కన రాసి, కింద నా సంతకం పెట్టాను.